అజ్మాన్‌లో ఏథెన్స్, స్పార్టా

మొన్న ఒక కార్పెంటర్ షాపు ముందు ప్లైవుడ్ కోస్తున్న వాసన తగలగానే, కరోనా రోజుల్లో దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మేమున్న ఫ్లాట్ గుర్తొచ్చింది. హాలు మధ్యలో ప్లైవుడ్ గోడ పెట్టి, ఇటు మేము, అటు రాజమండ్రి ఆంటీ వాళ్లు ఉండేవాళ్లం. వంటగది మాత్రం ఒక్కటే. పొయ్యి దగ్గర ఏదో మాటామాటా పెరిగి, అమ్మా ఆంటీ మాట్లాడుకోవడం మానేశారు.

ఆన్‌లైన్ క్లాసులో గ్రీసు పాఠం విని, నేను అమ్మకు గట్టిగా అప్పజెప్పాను.

"అమ్మా, గ్రీసు దేశంల అన్నీ కొండలేనట. అందుకే ఒక్కో లోయ ఒక్కో రాజ్యమైందట. పక్కపక్కనే ఉండి కొట్లాడుకున్నరట. అచ్చం మన లెక్కనే! మనం ఏథెన్స్, ఆంటీ వాళ్లు స్పార్టా."

గోడ అవతలి నుంచి ఆంటీ గొంతు వినిపించింది. "స్పార్టా అంటే ఏంటమ్మా? తిట్టా?"

"కాదు ఆంటీ, యుద్ధం తప్ప వేరే పని లేనోళ్లు!"

అమ్మ గబుక్కున నా నోరు మూసింది. అవతల ఆంటీ పకపకా నవ్వింది.

"వదినా, టీ పెడుతున్నాను. ఏథెన్స్‌కి కూడా పెట్టెయ్యనా?"

అమ్మకు నవ్వాగలేదు. "పెట్టు వదినా, నేనూ వస్తున్న."

ఇద్దరూ ఏదో ఒక సాకు కోసమే చూస్తున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం నాకు బెంగ పట్టుకుంది. రెండు రాజ్యాలూ ఇలా కలిసిపోతే, రేపు పరీక్షలో నేనేం రాయాలి?