నేనేగారు కాల్చిన సెన్సార్

మా ప్రయోగశాలలో ఏం చెడినా "నేనే!" అంటూ ముందుకొచ్చే పెద్ద టెక్నీషియన్ ఒకరుండేవారు. అసలు పేరు జీతాల చీటీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆయన నేనేగారు.

లిఫ్టు ఆగిపోతే, "నేనే. పొద్దున కాస్త ఎక్కువ తిన్నాను." కరెంటు పోతే, "నేనే. ఇప్పుడే పోతుందేమో అనుకున్నా." ఒకసారి బయట వాన మొదలైతే అందరం ఆయన వంక చూశాం. "గొడుగు ఇంట్లో పెట్టొచ్చాను మరి," అన్నారు సిగ్గుపడుతూ.

మేం పరీక్షించేవి, కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రంలో అమర్చే సిలికాన్ సెన్సార్లు. వేలిగోరంత పలక, వెంట్రుకంత మందం. విద్యుదావేశమున్న కణం అందులోంచి దూసుకుపోతే ఎక్కడ తగిలిందో, ఎప్పుడు తగిలిందో అది చెప్పాలి. ఎప్పుడంటే, సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, ఓ ముప్పై ముక్కలు అటూ ఇటూగా!

నేను చేరిన మూడో వారం. మూడింటికి వ్యాన్ వస్తుంది. పదహారు సెన్సార్లు కణాల పుంజం ముందు పరీక్షకు వెళ్ళాలి. పదిహేను సిద్ధం. చివరిదానికి వోల్టేజి ఎక్కించి చూడటం నా పని.

"పది పది వోల్టులే పెంచు తల్లీ," అన్నారు నేనేగారు.

నలభై కొట్టబోయి, కంగారులో ఇంకో సున్నా కొట్టాను. తెరమీద కరెంటు గీత నిట్టనిలువుగా లేచింది. సూక్ష్మదర్శినిలో చూస్తే పలక మూల నల్లటి చుక్క. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మా అధికారి మేడమ్ వచ్చారు. "ఎవరు కాల్చింది?"

నేను సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు.

"నేనే," అన్నారాయన, గదికి అవతలి చివర చేతొడుగులు తొడుక్కుంటూ.

"అక్కణ్ణుంచా?"

"నా దిష్టి తగిలుంటుందండీ."

మేడమ్ గడియారం చూసుకున్నారు. "గంటన్నర ఉంది," అని వెళ్ళిపోయారు.

ఆయన అదనంగా ఉంచిన సెన్సార్ తెచ్చి నా ముందే పెట్టారు. "ఊఁ, కానీ."

"మళ్ళీ నేనా? చేతులు వణుకుతున్నాయండీ!"

"వణకనీ. కావలసింది ఒక్క వేలే కదా."

పది. ఇరవై. ముప్పై. అంకె కొట్టడం, ఊపిరి బిగబట్టడం, ఆయన వంక చూడటం. ఆయనేమో గట్టిగా కళ్ళు మూసుకుని నిలబడ్డారు, దిష్టి తగలకుండా. గీత లేవలేదు. మూడుకు నాలుగు నిమిషాలుండగా పదహారోది పెట్టెలో పడింది.

వ్యాన్ వెళ్ళాక ఇక ఆగలేకపోయాను. మేడమ్ గదికి వెళ్ళి చెప్పేశాను. "అది నా పనండీ. ఆయన అబద్ధం చెప్పారు."

"తెలుసమ్మా. ఏ అంకె ఎవరు కొట్టారో కంప్యూటర్‌లో ఉంటుంది. ఆయనకీ తెలుసు."

"మరి 'నేనే' అనడమెందుకు?"

"భయపడ్డవాళ్ళు తప్పు దాస్తారు. దాచిన తప్పు పెద్ద యంత్రంలోకి ఎక్కిందంటే, మళ్ళీ పదేళ్ళకు గానీ విప్పలేం. నువ్వు భయం వదిలి వచ్చి చెప్పావా లేదా?" ఆవిడ ముసిముసిగా నవ్వారు. "నేను కొత్తగా చేరినప్పుడు పాడుచేసిన రెండు సెన్సార్లనీ ఆయనే పాడుచేశారు."