చేరేదాకా ఊడ్వని ఇల్లు

నాకు సంతకం పెట్టేంత వరకే అక్షరాలు వచ్చు. అందుకే నేను చెప్తుంటే కోడలు రాస్తోంది. బడిలో తెలుగు చెప్పే పిల్ల కాబట్టి నా మాటలను పుస్తకాల భాషలోకి దిద్దుకుంటూ రాస్తోంది. దిద్దుకోనీ. కోపాన్ని మాత్రం దిద్దొద్దని ముందే చెప్పాను. ఆ కోపంలో సగం ఆమె మీదే. అయినా ఆమె చేతే రాయిస్తున్నాను.

తెలంగాణ రావడానికి ముందు ఏడు, ఎండాకాలం సెలవుల సంగతి ఇది. అప్పుడు మేము ఉప్పల్లో, పెద్ద రోడ్డుకు నాలుగు గల్లీల అవతల కిరాయికి ఉండేవాళ్ళం. కింద మేము, పైన ఓనరమ్మ. కొడుక్కి నాచారంలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్ పని. కోడలిది సైనిక్‌పురిలో ఒక బడి. పెళ్ళయి ఏడాదిన్నర అయింది.

ఒక సాయంత్రం ఇద్దరూ చెరొక సంచి తెచ్చి నట్టింట్లో పెట్టారు. ఒక్కొక్కటి అర్ధబస్తా బియ్యం పట్టేటంత ఉంది. భుజాలకు పట్టీలు, నడుముకు పట్టీ, రొమ్ము మీద ఇంకో పట్టీ. ఎద్దుకు కూడా అన్ని పట్టీలు కట్టరు.

“ఇదేందిరా?” అని అడిగాను.

“హిమాలయాలకు పోతున్నమమ్మా. ట్రెక్కింగ్.”

“పోతున్నం అనకు. పోయొస్తం అను. ఏ గుడికి?”

కోడలు నవ్వింది. “గుడికి కాదత్తమ్మా. ఉత్తగ నడుసుడే. ఆరు రోజులు గుట్టలెక్కుతం. సంచులు మేమే మోసుకుంటం, డేరాలల్ల పండుకుంటం.”

నాకు ఒళ్ళు మండింది. మా ఆయన పోయాక నేను నాచారం షెడ్లలో అట్టపెట్టెలు మోశాను. సాయంత్రం బస్సులో కూర్చుంటే వీపు ఆనించడానికి భయం, అంత నొప్పి. నా కొడుకు వీపు మీద మూట పడొద్దని చదివించాను. వాడేమో కంపెనీలో సెలవు అడుక్కొని, పెళ్ళాన్ని కూడా వెంటేసుకొని మూట మోయడానికి పోతున్నాడు. ఈ ముచ్చట ఓనరమ్మకు చెప్తే ఆమె నోరు తెరిచింది.

“దేవుడు లేని గుట్టను ఎందుకెక్కుతరే చెల్లె?”

“నన్నడుగుతవేందక్కా? ఆ ఎక్కేటోళ్ళను అడుగు.”

“నీ కోడలు తోలుకపోతున్నదా?”

ఆ మాట అన్నందుకు ఓనరమ్మ మీద కూడా కోపమొచ్చింది. నా కోడలిని నేను అనొచ్చు. ఆమె ఎవరు అనడానికి?

బయల్దేరిన రోజు వాళ్ళు గడప దాటకముందే ఇల్లు ఊడ్చి పెట్టుకున్నాను. మా దిక్కు ఊకడం అంటాం. మనిషి ఊరికి బయల్దేరితే, చేరిన కబురు వచ్చేదాకా వెనక ఇల్లు ఊకొద్దు. శవం లేచిన ఇంటినే వెంటనే ఊడ్చి కడుగుతారు. బతికున్న మనిషి వెనక చీపురు పట్టడమంటే, నువ్వు మళ్ళీ రావొద్దని చెప్పినట్టే. ఇది నేను పుట్టించిన పద్ధతి కాదు. ఇన్నేళ్ళూ దీనితో నాకు ఇబ్బంది కూడా లేదు. ఎవరు ఎక్కడికి పోయినా జనగామకో వరంగల్లుకో పోతారు. మూడు గంటల్లో ‘చేరినం’ అంటూ ఫోన్ వస్తుంది. చీపురు పట్టుకుంటాను. అంతే.

రెండో రోజు కొడుకు ఫోన్ చేశాడు. “అమ్మా, ఢిల్లీల దిగినం.”

“ఇదేనా మీరు పోయే ఊరు?”

“కాదమ్మా, ఇంకా బస్సెక్కాలె.”

చీపురు ముట్టలేదు. మూడో రోజు మళ్ళీ ఫోన్. “గుట్టల కింద ఊరుకొచ్చినం.”

“ఇదేనా?”

“ఇది కాదు. రేపటిసంది నడక. ఇగ సిగ్నల్ ఉండదు, ఫికర్ జెయ్యకు.”

“మరి చేరేదెప్పుడు? ఏ ఊరికి చేరుతరు?”

“అమ్మా, ఏ ఊరికీ చేరేది ఉండదే. నడుసుడే ఉంటది.” వెనక ఎవరో హిందీలో పిలుస్తున్నారు. “సరే ఉంటనమ్మా” అని పెట్టేశాడు.

ఏ ఊరికీ చేరరట! పేరు లేని జాగాకు పోయే మనిషికి ఇంట్లో ఉన్నవాళ్ళు ఏ పద్ధతి పాటించాలి? వాడు చదువుకున్నాడు గదా, ఆలోచించలేదా? వాడికి తెలుసు నేను ఊడ్వనని. చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు.

ఇక దుమ్ము సంగతి. మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్వి పెట్టిన రోజులవి. తలుపు మూసినా కిటికీ సందుల్లోంచి సిమెంటు దుమ్ము వచ్చి పడేది. నాలుగో రోజుకు నేల మీద నడిస్తే గరగర. ఐదో రోజుకు మూలల్లో వెంట్రుకలు, ఉల్లిపొట్టు, దుమ్ము కలిసి ఉండలయ్యాయి. గిన్నెలు తోముకున్నాను, మంచం దులపకుండా దుప్పటి మాత్రం మార్చుకున్నాను. నేల ముట్టలేదు.

ఓనరమ్మ కిందికి దిగి గుమ్మం దగ్గరే ఆగింది. లోపలికి అడుగు పెట్టలేదు.

“ఏందే చెల్లె, ఇల్లు ఊకుతలేవు? పానం మంచిగలేదా?”

“పిల్లలు ఊరికి పోయిన్రు గదక్కా. ఇంకా చేరలే.”

“ఆరు దినాలాయె! నడిసి పోయిన్రా ఏంది?”

“ఆ, నడిసే పోతున్రు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుకుంటూ మెట్లెక్కింది. సాయంత్రానికి గల్లీ మొత్తం తెలిసింది. బోరింగు దగ్గర ఒకామె, “మీ కొడుకు చేరిండా అమ్మా?” అని నవ్వు ఆపుకుంటూ అడిగింది. ఆ ఆరు రోజుల్లో నా కొడుకు బతికి ఉన్నాడా అని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. చేరాడా అని అడిగినవాళ్ళే అందరూ. నవ్వడానికి.

కొడుకు ఒక నంబరు రాసిచ్చి పోయాడు, వాళ్ళను తీసుకుపోయే కంపెనీది. ఓనరమ్మ మనవరాలితో ఆ నంబరు కొట్టించాను. అటు ఒక అబ్బాయి, ఒక్క ముక్క తెలుగు రాదు. ఆ పిల్ల మాట్లాడి నాకు చెప్పింది, ‘ఆల్ ఓకే’ అన్నాడని. ఎట్లా ఓకే? నువ్వు చూశావా? మాట్లాడావా? పైన వాన పడుతోందట, మంచు పడుతోందట, అయినా ఓకే అట. నేను తిట్టిన తిట్లు ఆ పిల్ల హిందీలోకి మార్చలేదు. మార్చి ఉంటే బాగుండేది.

ఏడో రోజు మేడిపల్లి నుంచి వియ్యపురాలు వచ్చింది. ఆమెకూ ఫోన్ లేక గుబులు పుట్టి, నా దగ్గరన్నా కబురు ఉంటుందేమోనని. మేము వదినె వదినె అని పిలుచుకుంటాం. ఆమె మంచి మనిషే, చేతులు ఊరుకోవు. చెప్పులు విడిచి రెండడుగులు వేసి కాళ్ళ కింద చూసుకుంది.

“అయ్యో వదినే, గిట్లుందేంది ఇల్లు! తిన్నవా లేదా? నువ్వు కూసో, నేను ఊకుత.”

నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. చీపురు నేలకు తగిలిన చప్పుడు వినిపించింది. ఎట్లా పరుగెత్తానో తెలియదు. ఆమె చేతిలోంచి చీపురు గుంజుకున్నాను. పుల్లలు విరిగాయి. ఆమె అరచేయి గీరుకుపోయింది.

“ఏమైంది వదినే నీకు?”

“వాళ్ళు చేరలే! నీకు దెల్వదా పద్ధతి? నీ బిడ్డ గూడ ఆ గుట్ట మీదనే ఉన్నది!”

“మా ఇంట్ల నేను రోజూ ఊకుతనే ఉన్న. ఏమైతది?”

“వాళ్ళు నీ ఇంట్లకెల్లి బయలెల్లలే. నా గడప దాటి పోయిన్రు.”

“పోనీ తడిబట్ట పెట్టి తుడుస్త.”

“తుడిసినా ఊకినట్టే.”

వదినె నా ముఖం చూసింది. చీపురు ఇంకా నా చేతిలోనే ఉంది. అప్పుడు చెప్పాను, అంతవరకు ఎవరికీ చెప్పని మాట. ఆమెకే ఎందుకు చెప్పానో తెలియదు. ఆమె అరచేతిలో రక్తం చూసి కావొచ్చు.

మా ఆయన పొద్దుటి డ్యూటీకి పోయేవాడు. రోజూ పోయే మనిషి. అదేమన్నా ప్రయాణమా? ఆయన గేటు దాటగానే నేను ఇల్లు ఊడ్చుకొని, పిల్లాడిని బడికి తయారు చేసేదాన్ని. రోజూ అట్లాగే. ఒకరోజు మధ్యాహ్నానికి మిషన్ దగ్గర ప్రమాదమైందని పక్కింటి ఫోన్‌కు కబురు వచ్చింది. దవాఖానాకు పోయేసరికి ఏమీ మిగల్లేదు. పదో రోజున మా అత్త, వంటింట్లో అందరి ముందు అంది, “పొద్దుగాల్నే మొగని ఎనక చీపురు వట్టింది. ఊకి పారేసింది నా కొడుకును.”

మిషన్‌ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ మిషన్‌కు మూత పెట్టించని వాడిని ఎవరూ ఏమీ అనలేదు. అందరికీ నా చీపురే దొరికింది. ఆ రోజు వంటింట్లో పదిమంది ఆడవాళ్ళున్నారు. ఒక్కతె కూడా ‘అట్లనకు’ అనలేదు. అన్నం కలుపుకుంటూ కూర్చున్నారు.

చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది. వదినె పోయి పొయ్యి కట్టేసి వచ్చి, ఆ దుమ్ములోనే నా పక్కన కూర్చుంది. ఆ రోజు మేడిపల్లికి పోలేదు, ఇక్కడే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఇద్దరం రెండు రోజులు గరగరమంటూ నడిచాము.

తొమ్మిదో రోజు పదకొండింటికి ఫోన్ మోగింది. కోడలు.

“అత్తమ్మా, మంచిగున్నం ఇద్దరం.”

“చేరిన్రా? ఒక్క మాట చెప్పు బిడ్డా, చేరినం అను.”

“లేదత్తమ్మా. ఆయనకు గుట్ట మీద జరమొచ్చింది, ఊపిరాడలే. ఒక్క దినం నడక మిగిలుండంగ ఎనుకకు మర్రి దిగినం. మీదిదాక పోలే. ఇప్పుడు మంచిగైండు, ఇంటికొస్తున్నం.”

ఊపిరాడలేదట! ఆ అబ్బాయి చెప్పిన ‘ఆల్ ఓకే’ ఇదన్నమాట. నేను తిట్టడం మొదలుపెట్టాను. ఏమేమి తిట్టానో గుర్తులేదు, కోడలికి గుర్తుందట, రాయనంటోంది. వదినె ఫోన్ లాక్కొని ఏడ్చింది, వాళ్ళు వచ్చేదాకా ఇక్కడే ఉంటానంది.

పదమూడో రోజు మధ్యాహ్నం దిగారు. ముఖాలు నల్లబడి, ముక్కుల మీద తోలు లేచిపోయి ఉంది. కొడుకు చిక్కిపోయాడు. గడప లోపల అడుగు పెట్టగానే ఇల్లు చూసి ఆగిపోయాడు.

“గిదేందమ్మా? పదమూడు దినాలు ఊకలేదా?”

“ఏ ఊరికి చేరినవని ఊకాలె?”

వాడు నవ్వాడు. “ఇంకా గివన్నీ నమ్ముతవా అమ్మా? ఏ కాలంల ఉన్నవే?” అన్నాడు. ఆ నవ్వు చూశాక నాకు కోపం ఆగలేదు.

“నేను నమ్మ! నమ్మితే మీ నాయినను నేనే సంపినట్టురా!”

కోడలు సంచి పట్టీ విప్పుతూ అట్లాగే ఉండిపోయింది. కొడుక్కి అర్థం కాలేదు. నాయనమ్మ అన్న మాట వాడికి తెలియదు, అప్పుడు ఏడో తరగతి, బయట అరుగు మీద ఉన్నాడు. మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను, వాడు కూడా సంచి దించకుండా నిలబడే విన్నాడు.

“ఇన్నేండ్లు చెప్పలేదేందమ్మా?”

“నువ్వడిగినవా, పొద్దుగాల మీరు లేవకముందే ఎందుకు ఊకుతనని? ఒక్కనాడన్న అడిగినవా?”

వాడు అడగలేదు. నేను పొద్దున్నే లేచే మనిషినని అనుకున్నాడట. నేనెప్పుడూ పొద్దున్నే లేచే మనిషిని కాదు.

ఆ రోజు కోడలు, వదినె కలిసి ఊడ్చారు. నన్ను ముట్టనీయలేదు. మూడుసార్లు దుమ్ము ఎత్తిపోశారు.

మరుసటి రోజు వాడు డ్యూటీకి బయల్దేరాడు. గేటు దగ్గర బండి స్టార్ట్ చేసి, వెనక్కి తిరిగి గట్టిగా అన్నాడు. “అమ్మా, చీపురు వట్టు. నేను పోతనే ఉంట, నువ్వు ఊకు. ఏం గాదు, నేను సూపిస్త నీకు.”

పైన ఓనరమ్మ పిట్టగోడ మీది నుంచి చూస్తోంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కొడుకు మంచికే అన్నాడు, తెలుసు. కానీ పరీక్ష ఎవరికి? వాడి ప్రాణం మీద పందెం వేసి నా భయం తీస్తాడా?

“నీ ధైర్యం నీ దగ్గరుంచుకో. నా చేతిల పెట్టకు. పో, పోయి రా” అని గేటు వేసేశాను.

ఉప్పల్ నుంచి నాచారం పావుగంట దారి. నేను వంటింట్లోకి పోయి పప్పు కడుగుతున్నాను. ఫోన్ మోగింది.

“చేరినమ్మా” అన్నాడు.

“ఎవడడిగిండురా నిన్ను?” అన్నాను.