అన్న వేలు, బాల్ జాయింట్

కారు ముందు చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడొస్తే బీదర్‌లో చాలామంది మా షెడ్డుకే వచ్చేవాళ్ళు. మా కోసం అని అబద్ధమెందుకు ఆడాలి, మా అన్న కోసం వచ్చేవాళ్ళు. చక్రాన్ని కింది ఆర్మ్‌కు పట్టి ఉంచేది బాల్ జాయింట్. గిన్నెలో గుండులాగా లోపల తిరుగుతుంటుంది. అది అరిగి ఊడిందంటే చక్రం పక్కకు వాలిపోతుంది, కారు నడిరోడ్డు మీద కూలబడుతుంది. దాన్ని మేం ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. కారును జాకీతో లేపాక ఒకరు టైరు కింద రాడ్ పెట్టి ఎత్తి వదలాలి. ఇంకొకరు కింద పడుకుని జాయింట్ మీద వేలు పెట్టి, కదులుతోందో లేదో చెప్పాలి. ఇరవై ఏళ్ళు రాడ్ నాది, వేలు అన్నది.

వెంట్రుకవాసి కదలిక ఉన్నా పట్టేసేవాడు. "ఆడుతాంది" అంటే మార్చాల్సిందే. "పక్కా" అంటే జాయింట్ గట్టిగా ఉన్నట్టే, ఆ మాటకు తిరుగులేదు. నాకు పని నేర్పింది ఆయనే, నాన్న పోయాక అన్నం పెట్టిందీ ఆయనే. ఆయనకు ఎదురు చెప్పడం, అదీ బయటివాళ్ళ ముందు, మా ఇంట్లో లేని అలవాటు.

అన్నకు చాలా ఏళ్ళుగా షుగర్. ముందు పాదాలు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలియక నాలుగడుగులు వేసేవాడు. మేం నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవాడు. తర్వాత ఒకరోజు పొగలు కక్కే చాయ్ గ్లాసును గుప్పిట్లో పట్టుకుని తీరిగ్గా ముచ్చట పెడుతుంటే చూశాను. అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఏమని అడగాలి చెప్పండి?

గాంధీ గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే సేట్ ఒకాయన ఒక పొద్దున కారు తెచ్చాడు. ఆ రోజే సంతపూర్‌లో బావమరిది ఇంట్లో నిశ్చితార్థం. ముసలి తల్లితో సహా ఇంటిల్లిపాదీ ఆ కారులోనే పోవాలి.

"ఎడమ దిక్కు చప్పుడైతాంది, జర చూడన్నా," అన్నాడు.

అన్న కిందికి దూరాడు. నేను రాడ్ ఎత్తాను. పైనున్న నా చేతులకే తెలిసింది, టక్‌మని. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ టక్.

"పక్కా ఉన్నది," అన్నాడు అన్న కింది నుంచి.

"అన్నా, ఇంకోపారి చూడరాదే."

"చూసిన గదరా! లింకు రబ్బరు చినిగింది, గదే కొట్టుకుంటాంది. మార్చి ఇచ్చెయ్."

"అన్న చెప్పినంక ఇంకేంది," అని సేట్ నవ్వాడు.

రబ్బరు మార్చి తాళం ఇచ్చేశాను. ఈ చేతులతోనే ఇచ్చాను! ఆ ముసలమ్మ ప్రాణం కంటే ఆ క్షణంలో నాకు అన్న పరువే పెద్దదిగా కనబడింది. ఛీ, ఏం మనిషినో నేను.

మధ్యాహ్నం ఫోన్ చేస్తే సేట్ ఎత్తడు. చిమ్కోడ్‌లో ఒక ట్రాక్టర్ చూసొస్తానని అన్నకు అబద్ధం చెప్పి, కొత్త జాయింట్, జాకీ, పానాలు సంచిలో వేసుకుని సంతపూర్ పోయే ఔరాద్ దారి పట్టాను. ముందర రోడ్డు మీద ఎక్కడ జనం గుమిగూడి కనిపించినా నా పై ప్రాణాలు పైనే పోయేవి. సంతపూర్‌లో నిశ్చితార్థం ఇంటి ముందు ఆ కారు క్షేమంగా నిలబడి ఉండటం చూసి, సంచి అక్కడే దింపి సేట్‌కు కబురు పంపాను.

సేట్ బయటికొచ్చాడు. వెనకాలే నిశ్చితార్థానికొచ్చిన గంజ్ వాళ్ళు పదిమంది.

"ఏమైంది తమ్మీ? అన్న పక్కా అన్నడు గద?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. తప్పు నాదేనని చెప్పొచ్చు, అది సగం నిజం కూడా. ఉన్నమాటే నోట్లోంచి వచ్చేసింది.

"అన్న వేళ్ళకు ఇప్పుడు తెలుస్తలేదు సేట్."

అక్కడే జాకీ వేశాను. పిన్ను లాగి, నట్టు విప్పి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే జాయింట్ చేతిలోకి వచ్చింది. లోపలి గుండుకుండే కాడ తనంతట తానే అటూ ఇటూ వాలిపోతోంది. సేట్ దాన్ని చూసి దేవుడికి దండం పెట్టుకున్నాడు. కొత్తది బిగించి, వాళ్ళు పెట్టిన భోజనం చేసి పొద్దుగూకేలోపు ఇల్లు చేరాను.

అన్నకు మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ మూడు రోజులు జరిపాను. ఈలోపు ఇంటికి కందిపప్పు తేవడానికి ఆయనే గంజ్‌కు వెళ్ళాడు. అక్కడ ఒక హమాలీ ప్రేమగానే అడిగాడట, "చేతులు దవఖానల చూపిచ్చుకుంటున్నవా అన్నా?" అని.

తిరిగొచ్చి షెడ్డులో బల్ల మీద కూర్చున్నాడు. కోప్పడలేదు. రెండు తిట్టినా బాగుండేది.

"నాకు చెప్తే నేనే ఈ పనిల నుంచి చెయ్యి తీసేటోణ్ణి గద తమ్మీ. గంజంతటికి ఎర్కయింది. నాకే ఎర్కలేదు."

"నీ మనసు నొస్తదని అన్నా..."

"మంది నోట్ల ఇంటే నొయ్యదా?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడ్చే మొహం కూడా లేక బయటికి నడిచాను.

ఆ తర్వాత అన్న ఏ కారు కిందికీ పోలేదు. మాట్లాడడం మానేయలేదు, కలిసే తింటాం, కలిసే షెడ్డు తెరుస్తాం. మొన్న ఆయన రక్త పరీక్ష రిపోర్టు వచ్చింది, అంతా ఇంగ్లీషే. చదివి చూస్తే షుగర్ నిజంగానే బాగా దిగింది. ఎంత సంతోషమేసిందో! "మంచిగున్నదన్నా, మస్తు తగ్గింది," అన్నాను.

"నిజమే చెప్తున్నవా?" అని నా మొహంలోకి చూశాడు.

"నీ మీద ఒట్టన్నా."

తలూపాడు. ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చెప్పులు వేసుకుని, దాన్ని చదివించుకోవడానికి ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్ళాడు.