అన్నయ్య కట్టిన ముడి

ఎవరు నన్ను ఎప్పుడు ఏమన్నారో నాకు అన్నీ గుర్తుంటాయి. ఎవరింట్లో నాకు రెండో బంతిలో వడ్డించారో, ఏ పెళ్లికి నన్ను ఎవరిచేతో పిలిపించి సరిపెట్టారో, అడిగితే ఇప్పటికీ వరసగా చెప్పగలను. అవన్నీ మోయడం నాకెప్పుడూ బరువనిపించలేదు. బరువైంది ఒక్కటే. అది నాకు ఎవరో చేసింది కాదు, నేను చేసింది. దాన్ని ఇన్నేళ్లుగా లోపలే పెట్టుకున్నాను. మీరెవరో నాకు తెలియదు గనక మీకు చెబుతున్నాను.

మాది మామిడికుదురు దగ్గర. డెబ్భైల చివరలో మా అన్నయ్యకీ నాకూ కలిపి ఒక జట్కా ఉండేది. నాన్న వదిలివెళ్లింది. పక్కనున్న నగరం అనే ఊరి నుంచి బస్సు ఆగే చోటికి మనుషుల్ని చేరవేసేవాళ్లం. ఒక పూట అన్నయ్య, ఒక పూట నేను. గుర్రం పేరు రాణి. దాని తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది నేనే. నా అడుగుల చప్పుడు వింటే తల తిప్పేది.

రాణికి వయసు మళ్లింది. వంతెన ఎక్కేటప్పుడు ఆయాసపడేది. అందుకని అన్నయ్య ఇంకో గుర్రాన్ని కొన్నాడు. కొత్తది బండి లాగుతుంది, రాణి మా కొబ్బరితోటలోనే మేస్తూ ఉంటుంది. మంచి ఆలోచనే. కానీ నాతో ఒక్క మాట అనలేదు. టీ కొట్టతను చెబితే తెలిసింది. "మీ కొత్త గుర్రం భలేగుందండి," అన్నాడు. ముందే తెలిసినట్టు "ఆయ్" అన్నాను.

ఒక గుర్రం మేసే చోటికి ఇంకో గుర్రాన్ని తేవడం తేలిక కాదు. ఉన్నది ఆ చోటు తనదనుకుంటుంది. వచ్చింది బెదిరి ఉంటుంది. నాన్న మాకు ఒక పద్ధతి నేర్పాడు. కొబ్బరి వరసల మధ్య నీళ్లు పారే బోదె ఉంటుంది కదా, దానికి ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి ఉండాలి. ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి. ఒకదాని చెమట తుడిచిన గోనెపట్టా రెండోదాని ముందు వెయ్యాలి. కొన్నాళ్లకు చెవులు వెనక్కి విరవడం మానేస్తాయి. అప్పుడు కొత్తదాని వెనక కాళ్ల లాడాలు ఊడదీయించి, రెండింటికీ కడుపు నిండా పెట్టి, చుట్టుపక్కల మేత లేకుండా చూసి విప్పాలి. ఇనుము లేని కాలితో తన్నుకున్నా ప్రాణం మీదికి రాదు.

రాణిని పెంచినవాణ్ణి కాబట్టి ఆ పని నాదే అనుకున్నాను. అన్నయ్య కొత్తదాన్ని అవతలి గట్టున చెట్టుకు కడుతుంటే తాడు అందుకోబోయాను. ఇరుగుపొరుగు చేరి చూస్తున్నారు.

"నువ్వు దీని జోలికి రాకురా. నీకు ఓపిక తక్కువ. నేనే కలుపుతాను," అన్నాడు అన్నయ్య.

"తమ్ముడుగార్ని కూడా కొన్నాళ్లు ఆ గట్టున కట్టెయ్యండి, నెమ్మదిస్తారు," అన్నాడు వాళ్లలో ఒకడు.

అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు.

మీకిది చిన్న మాటగా అనిపించవచ్చు. నాకు ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ఫిర్యాదే చేస్తున్నాను.

ఆ ఆదివారం ఇంట్లో వాళ్లంతా చర్చికి వెళ్లారు. నేను కోపంతో వెళ్లలేదు. అన్నయ్య తెల్లబట్టలు వేసుకున్నాక గుర్తొచ్చి, గబగబా కొత్తదాన్ని మేత ఉన్న చోటికి మార్చి కట్టి వెళ్లాడు. వాళ్లు మలుపు తిరిగాక నేను బోదె దాటాను. చెట్టుకున్న తాడు విప్పాను. కొత్తదాన్ని ఈ గట్టుకు తోలి, రాణి తొట్టిలో నానబెట్టిన ఉలవలు పోశాను.

లాడాలు దాని కాళ్లకే ఉన్నాయి. తెలియక చేశానని ఒక్కోసారి నాకు నేను చెప్పుకోబోతాను. తెలుసు. కొట్టుకోవాలనే విప్పాను. నాలుగు గాట్లు పడితే కొత్తది పొగరుబోతుదని తేలిపోతుంది, అన్నయ్య చిన్నబోతాడు, దాన్ని వెనక్కి ఇచ్చేసి వస్తాడు. అంతే అనుకున్నాను. అంతేనా? రాణి మీద నిజంగా ప్రేమ ఉన్నవాడికి ఆ ఆలోచన వస్తుందా?

రాణి చెవులు విరిచి కరవబోయింది. కొత్తది గిర్రున తిరిగి వెనక కాళ్లు విసిరింది. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైంది. రాణి పడిపోలేదు. ముందు కాలొకటి వేలాడుతుంటే మూడు కాళ్ల మీద నిలబడి నా వైపు చూసింది.

నేను దగ్గరికి వెళ్లలేదు. ఇంట్లోకి వెళ్లి పడుకున్నాను.

వాళ్ల కేకలకు అప్పుడే లేచినట్టు బయటికి వచ్చాను. కొత్తది తాడు ఈడ్చుకుంటూ తిరుగుతోంది. తాడు ఎక్కడా తెగలేదు. అన్నయ్య ఆ కొస పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. "నా ముడే జారిపోయిందిరా," అన్నాడు. పశువుల డాక్టరుగారు వచ్చి ఆ ఎముక అతకదన్నారు. సూది వేసేటప్పుడు రాణి తల ఒళ్లో పెట్టుకుంది అన్నయ్యే. నన్ను పట్టుకోమంటే పట్టుకోలేనన్నాను. పాపం, పెంచిన ప్రేమ అనుకున్నారు అందరూ.

కొత్తదాన్ని అమ్మేశాడు. తర్వాత జట్కా కూడా పోయింది. అన్నయ్య కొబ్బరికాయల ఒలుపు పనికి వెళ్లేవాడు. దూడను కట్టినా, గడ్డిమోపు కట్టినా, "ఓసారి లాగి చూడరా, నా చేతి మీద నాకు నమ్మకం లేదు," అనేవాడు. లాగి చూసి, గట్టిగానే ఉందనేవాణ్ణి.

మా చర్చిలో బల్ల ఆరాధన రోజున, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఎవరి మీద ఏమున్నా సమాధానపడి లోపలికి వెళ్లాలి. ఎనభైల్లో అలాంటి ఒక ఆదివారం అన్నయ్య నన్ను గోడ పక్కకు పిలిచాడు.

"నా మీద నీకేదో ఉందిరా. ఇవాళ చెప్పెయ్యి."

"ఒకటా?"

"ఎన్నుంటే అన్నీ చెప్పు."

చెప్పాను. నాకు అదొక్కటే బాగా వచ్చు కదా. "జట్కా మీద నీ పేరొక్కటే రాయించేవు."

"రాయించేను. నాకు తట్టలేదురా. తప్పే."

"నా పెళ్లిలో మా మావగారి ఎదురుగా నన్ను చేతకానోడన్నావు."

"అన్నాను. తప్పే."

"కొత్తదాన్ని కొన్నట్టు టీ కొట్టోడు చెప్తే తెలిసింది నాకు."

"ఆయ్. అదీ తప్పే. ఇంకా ఉన్నాయా? పాస్టరుగారు పాట మొదలెట్టేసేరు."

"మరి నా మీద నీకేం లేదా?" అన్నాను. ఎందుకడిగాను? ఏదో ఒకటి అంటాడని, దానికి నేనూ తప్పే అంటే సరిపోతుందని ఆశపడ్డానేమో.

"నీ మీదేముంటాదిరా. నువ్వు పాలు పట్టి పెంచేవు, నేను చంపుకున్నాను. అది కూడా క్షమించేస్తే ఇంక నాకేం వద్దు."

"క్షమించేను," అన్నాను.

అన్నయ్య కళ్లు తుడుచుకున్నాడు. లోపలికి వెళ్లి పక్కపక్కన మోకాళ్ల మీద కూర్చుని రొట్టె తీసుకున్నాం.

తాడు విప్పింది కోపంలో. ఈ మాట కోపంలో అన్నది కాదు. ఆ క్షణం నాకు హాయిగా ఉంది. పెద్దవాడు నా ముందు తల వంచుకుని నిలబడటం హాయిగా ఉంది. తాడు సంగతి కన్నా ఇదే నన్ను ఎక్కువ తినేసింది.

అన్నయ్య పోయి చాలాకాలమైంది. "మీరు క్షమించేరని చివరిదాకా చెప్పుకునేవారండి," అంటుంది వదిన, వెళ్లినప్పుడల్లా, కాఫీ గ్లాసు చేతికిస్తూ. తాగి వచ్చేస్తాను. ఆవిడకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేయవచ్చో నాకు తెలుసు.

పైన తాడు విప్పానని ఒక్క ముక్కలో దాటేశాను. అది అంత సులువుగా రాలేదు. వేళ్లకు లొంగలేదు. చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని పళ్లతో పీకి విప్పాను. అంత గట్టిగా కట్టాడు మా అన్నయ్య.