తలుపు మీద నామం

పెయింటర్ వారం నుంచి రేపు రేపంటూనే ఉన్నాడు. విసుగొచ్చి నిన్న వీధి తలుపుకు నేనే రంగు వేశాను. ముందు గరుకు ఉప్పు కాగితంతో పాత రంగు పెచ్చులన్నీ గీకాను. వాటితో పాటు తలుపు మీదున్న నామం కూడా పోయింది. ఈ రోజు రంగు ఆరాక, సన్న కుంచెతో కొత్త నామం దిద్దాను. చిన్నప్పుడు చిత్తూరులో మా నాయన తలుపు మీద నామం రాస్తుంటే పక్కన రంగు డబ్బా పట్టుకుని నిలబడేదాన్ని. చెయ్యి దానంతటదే తిరిగింది.

సాయంత్రం గుడి నుంచి వచ్చిన మామగారు గడప బయటే ఆగిపోయారు.

"పాదం యాడమ్మా?" అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. మా పుట్టింటి నామానికి కింద పాదం ఉండదు, అత్తవారింటి నామానికి ఉంటుంది. ఆ చిన్న గీత కోసం తరతరాలుగా పంతాలు పట్టిన వైష్ణవులు రెండు వైపులా మావాళ్లు. గబగబా రంగు తుడిచే తార్పిన్ నూనె గుడ్డ తీసుకుని తుడవబోయాను.

"రాసిన నామాన్ని తుడిచేది వద్దమ్మా. ఆ కుంచె ఇట్లియ్యి."

వంగి, నేను రాసిన దాని కిందే పాదం దిద్దారు. కాస్త వంకర పోయింది. ఆయన సరిచేయలేదు. నేనూ చేయను.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నాను, వంట మార్చుకున్నాను. చెయ్యి మాత్రం నాకు చెప్పకుండా పుట్టింట్లోనే ఉండిపోయింది. మీ చేతులు ఎక్కడున్నాయి?