పందెం గెలిచిన పోతు, పాలిపోయిన పిల్లలు

మా అమ్మమ్మ ఇయాంతకి ముగ్గురు మనవరాళ్లం. ప్రేమ మాత్రం పెప్పర్‌సాస్ మీద. అది మేకపోతు. ఈస్టర్ వెళ్లిన మంగళవారం బుక్కూ ఊళ్లో జరిగే మేకల పరుగుపందెంలో మొదట వచ్చింది. గెలిచిన పోతుకి మా టొబాగో దీవిలో మర్యాద ఎక్కువ. మేతకి ముందు అదే వెళ్లాలి, అది తిని కదిలాకే తల్లులూ పిల్లలూ. మా తాతకి కూడా ఇంత మర్యాద జరగలేదు.

అయితే వానలు పడగానే మేకపిల్లలు చచ్చిపోయేవి. కనురెప్పల లోపల పాలిపోయి, దవడ కింద నీరు దిగేది. నట్టలు, కడుపులో చేరి రక్తం పీల్చే పురుగులు. మందు తాగించినా లాభం లేకపోయింది.

"వచ్చే వానల్లోనూ ఇలాగే పోతే మందనే అమ్మేస్తాను," అంది అమ్మమ్మ. ఆ పూట కూర మాడింది. అంటే నిజంగానే అన్నట్టు.

పశువుల డాక్టరమ్మ రోసలిన్ వచ్చి, మా మేకలవీ పక్కింటి హోలిస్ మేకలవీ పెంటికలు విడివిడిగా తీసుకెళ్లి పరీక్ష చేసింది.

"పెద్దమ్మా, నట్టల గుడ్లు ఎక్కువగా పడుతున్నది మీ పెప్పర్‌సాస్ పెంటికల్లోనే."

"దాని ఒళ్లు చూశావా? నిగనిగలాడుతోంది."

"అదే చిక్కు. నట్టలున్నా దానికేం కాదు. గడ్డి నిండా గుడ్లు చల్లిపోతుంది, వెనకొచ్చే పిల్లలకి అంటుకుంటాయి. దాని కూతుళ్లూ అంతే, పుట్టుకతో వచ్చిన గుణం. హోలిస్ పోతు పెంటికల్లో దాదాపు ఏమీ లేవు, దాని పిల్లలకీ ఆ గుణమే వస్తుంది."

కంచె మీద వాలి వింటున్న హోలిస్ మురిసిపోయాడు. "పందెంలో ఆఖరున వచ్చింది కదత్తా నాది?"

"ఆఖరున కూడా రాలేదురా. దారిలో ఆగి ఎవరిదో టోపీ తింది."

అమ్మమ్మ కొన్నాళ్లు డాక్టరమ్మని తిట్టింది. తర్వాత పెప్పర్‌సాస్‌నీ దాని కూతుళ్లనీ కొండవైపు విడిగా కట్టేసింది. "రాజుకి మేత ఇంటికే రావాలి," అంది. గడ్డి కోసి మోసింది నేను. క్రిస్మస్ ముందు హోలిస్ పోతుని మందలోకి తెచ్చింది, గొడుగు అడ్డం పెట్టుకుని. మొహం దాచింది తనదో దానిదో నాకు తెలీదు.

మళ్లీ వానలు పడ్డాయి. ఒక పిల్ల పోయింది. మిగతావి గెంతుతున్నాయి. అమ్మమ్మ ఒక్కోదాని కనురెప్ప లాగి చూసింది. లోపల ఎర్రగా ఉంది.

అమ్మమ్మ కిందటేడు అన్న మాట పట్టుకుని మంద కొనడానికి కసాయి వచ్చాడు. అమ్మమ్మ వంకర చెవుల పిల్లనొకదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అచ్చం హోలిస్ పోతు పోలికే.

"ఎంత అనాకారిదో చూడు నాయనా," అంది. "దీన్ని నీకిచ్చి నేనేం చెయ్యను?"