అక్క చేతి వాచీ

మా అక్కకు కీళ్లవాతం. మోకాళ్లు వాచి, పొద్దున లేవాలంటే గోడ పట్టుకోవాలి. కూర్చున్నకొద్దీ కీళ్లు బిగుసుకుంటాయి, రోజూ కొంచెమైనా నడవాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. బావ పోయాక అక్క తాండూరులో ఒక్కతే ఉంటుంది. నేను వికారాబాద్‌లో ఉంటాను. దగ్గరుండి నడిపించే తీరిక నాకెక్కడిది? అందుకని అడుగులు లెక్కబెట్టే వాచీ కొని ఆమె చేతికి కట్టాను. ఆ లెక్క నా ఫోన్‌లోనూ కనబడుతుంది. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

మొదట్లో రోజుకు ఎనిమిది వందలు దాటేది కాదు. ఫోన్ చేసి కసిరేదాన్ని. కందులు ఇళ్లకు చేరే రోజులొచ్చాక ఒక్కసారిగా నాలుగు వేలు, ఐదు వేలు! నా సంతోషం ఇంతా అంతా కాదు.

అక్క మాత్రం ఫోన్‌లో, "లేవస్తలేదే చెల్లే. జర వచ్చిపో" అనేది.

"ఉత్తగ పరేషాన్ చెయ్యకక్కా. ఇయ్యాల ఐదు వేల అడుగులేసినవ్."

"నేను యాడ నడిచిన్నే?"

"మరి వాచీ అబద్ధమాడుతదా?"

నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఆమె మాట నమ్మకుండా నెల గడిపాను.

ఒక ఆదివారం రైలెక్కి వెళ్లాను. అక్క గడప లోపల కూర్చుని, చుట్టుపక్కల వాళ్లు తెచ్చిపోసిన కందులు చెరుగుతోంది. నన్ను చూసి నవ్వింది గానీ లేవలేదు. చేట ఎగిరినప్పుడల్లా మణికట్టు మీద అడుగుల లెక్క పెరుగుతోంది. చీర వెనకంతా మట్టి. ఇంట్లో దేకుతూ తిరుగుతోందని అప్పుడు అర్థమైంది.

చేట లాగి పక్కన పెట్టి, చంకల కింద చేతులేసి లేపబోయాను. కుడి మోకాలు వంగింది వంగినట్టే ఉంది. చాపబోతే కేక పెట్టింది.

"నెల సంది చెప్తనే ఉన్న గదనే" అంది.

ఆ కాలు ఇక పూర్తిగా చాపడం కుదరదన్నాడు డాక్టరు. ముందే ఎందుకు తీసుకురాలేదని నన్నే అడిగాడు.

వాచీ విప్పి పారేశాను. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి మోకాళ్లెట్లున్నాయని అడుగుతాను.

"మంచిగనే ఉన్నయే, ఫికర్ చెయ్యకు" అంటుంది. నొప్పి అన్న మాట మళ్లీ నాతో అనలేదు.